కుంపటి బ్యాండును జనం ఎందుకు తిట్టారు

సౌండు పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలకు మొదట వైరు చుట్టడం నేర్పుతారు. నేర్చుకోండి, వద్దనను. మెలిక పడిన వైరు నడి ప్రోగ్రాంలో మీ పరువు తీస్తుంది. కానీ ఈ పనిలో అసలు నేర్చుకోవలసింది తిట్లు వినడం. పాడేవాళ్లు వేదిక మీద ఎత్తున ఉంటారు. వాళ్లను తిట్టాలంటే గుంపును తోసుకుని, లైట్లు దాటి పోవాలి. సౌండు పెంచి తగ్గించే మిక్సర్ బల్ల ముందు కూర్చున్న మనిషి జనం మధ్యలో, చేతికందేంత దూరంలో ఉంటాడు. పాట నచ్చని ప్రతివాడూ నేరుగా అతని దగ్గరికే వస్తాడు.

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఆ బల్ల ముందు కూర్చునే నేను ముసలివాణ్నయ్యాను. మాది లక్సెట్టిపేట. మిషన్ చర్చిలో పాటల బృందానికి మైకు పెట్టడంతో మొదలుపెట్టి పెళ్లిళ్లు, ఎన్నికల సభలు, కాలేజీ వార్షికోత్సవాలు, సువార్త సభలు, గణపతి మండపాలు అన్నీ చేశాను. నన్ను మొదట మైకుసెట్టాయన అన్నారు, తర్వాత ఆపరేటర్ అన్నారు, చివరికొచ్చేసరికి సౌండ్ ఇంజనీర్ అన్నారు. కూర్చున్నది మాత్రం మొదటినుంచీ ప్లాస్టిక్ కుర్చీలోనే.

ఏ స్పీకర్ బాక్సు ఎక్కడ పెట్టాలో ఇక్కడ రాయను. అది మీ ఓనర్లు చెప్తారు. జనం నెత్తిన పెట్టుకున్న బ్యాండునే మళ్లీ జనం ఎందుకంత కసిగా తిడతారో రాస్తాను. ఈ ఒక్క విషయంలో నాకు మొహమాటం లేదు. నాకు తెలిసినంత తక్కువ మందికి తెలుసు.

ఉత్త మీట

నాకు పని నేర్పింది కరీంనగర్‌లో రాజమల్లు సేటు. ఆయన మిక్సర్‌లో చివరి మీటకు ఎప్పుడూ వైరు పెట్టనిచ్చేవాడు కాదు. ఎందుకని అడిగితే, "ఆగు, నీకే తెలుస్తది" అనేవాడు.

ఒక పెళ్లిలో తెలిసింది. తలపాగా చుట్టుకున్న పెద్దమనిషి ఒకాయన విసురుగా వచ్చాడు. "ఏందిర వయ్యా గీ మోత? చెవులు పోతున్నయ్. జర తగ్గియ్!" సేటు ముఖం చాలా గంభీరంగా పెట్టి, ఆ వైరు లేని మీటను మెల్లగా కిందికి జరిపాడు. "గిప్పుడెట్లున్నది కాకా?" ఆ పెద్దమనిషి తల వంచి విని, "ఆఁ, గిప్పుడు మంచిగున్నది" అని తృప్తిగా వెళ్లిపోయాడు. సౌండు రవ్వంత కూడా తగ్గలేదు. నాకు నవ్వు ఆగలేదు.

"నవ్వకు," అన్నాడు సేటు. "ఆయన చెవులకు ఏం కాలే. పొద్దుగాల సంది పెండ్లిల ఆయన మాట ఎవ్వలు వింటలేరు. మనం విన్నం. గంతే."

ఆ రోజునుంచీ నేను తిట్లను రెండు కుప్పలు పోశాను. ఉత్త మీటకు లొంగేవి, లొంగనివి. పాట బాగాలేదని మన దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది పాట గురించి రారు. అలాగని మీ మీద మీకు మరీ నమ్మకం పెరగనివ్వకండి. స్పీకర్లు కీచుమని ఈల వేస్తుంటే కూడా ఉత్త మీట తిప్పి తప్పించుకునేవాడు సౌండు మనిషి కాదు, దొంగ.

కుంపటి

బొగ్గు గనుల టౌన్‌షిప్‌లో పెరిగిన పిల్లలు కొందరు కలిసి పెట్టుకున్న రాక్ బ్యాండు పేరు కుంపటి. పాడేదీ, గిటార్ వాయించేదీ ఎస్తేరు. గని కార్మికుడి కూతురు. పాట చర్చిలో నేర్చుకుంది. డ్రమ్స్ వాయించేవాడు మున్నా. వాళ్ల తాత బీహార్ నుంచి గని పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మున్నాకు కోపమొస్తే హిందీ, ఆకలేస్తే తెలుగు వస్తుంది. వాళ్లు పాటలు సొంతంగా రాసుకునేవాళ్లు. గనిలోకి దిగడం, దుమ్ము, షిఫ్టులు, కోపం, అన్నీ అందులో ఉండేవి. నేను వాళ్లకు మొదటినుంచీ సౌండు చేశాను.

రెండు మూడేళ్లలో ఆ పాటలు ఫోన్లలోకి ఎక్కాయి. కాలేజీలవాళ్లు పిలిచారు. మంథని నుంచి పెద్దపల్లి పోయే ఆటోల్లో అవే పాటలు. ఎంత పేరు వచ్చిందో అన్ని తిట్లూ వచ్చాయి. ఆ తిట్లన్నీ నా బల్ల దగ్గర దిగేవి.

ఆదిలాబాద్‌లో ఒక లెక్చరర్ వచ్చి, "ఆటో ఎక్కితె గీళ్లే, చాయ్ తాగవోతె గీళ్లే, ఆకిరికి మా కాలేజికి కూడ వచ్చిండ్రా?" అన్నాడు. ఆయన ఒక్క పాటనైనా తనంతట తాను పెట్టుకుని వినలేదు. పిలవకుండా రోజూ ఇంటికొచ్చే చుట్టం ఎంత మంచివాడైనా మనకు ముఖం మొత్తుతుంది. పాపులర్ బ్యాండు గతి కూడా అదే. ఇందులో బ్యాండు తప్పు లేదు, లెక్చరర్ తప్పూ లేదు.

ఇంకొందరికి బ్యాండు మీద కోపం కాదు, దాని వెంట తిరిగే పిల్లల మీద. కుంపటి అని రాసిన నల్ల బనీన్లు వేసుకుని, బండ్ల సైలెన్సర్లు పీకేసి తిరిగే గుంపును చూసి బ్యాండును తిట్టినవాళ్లు లెక్కలేనంతమంది. ఇక మొదట్లో నలుగురితో కూర్చుని విన్న పాత అభిమానులు ఉంటారు. వాళ్లంతటి చేదు మనుషులు ఇంకెవరూ ఉండరు. "మొదట్ల మంచిగుండె అన్నా. గిప్పుడు కరాబైంది" అంటారు. ఏం కరాబైందో చెప్పమంటే చెప్పలేరు. అదే పాట, అదే గొంతు. పక్కవాడికి కూడా దొరికింది, అదీ వాళ్ల బాధ. వీళ్లతో వాదన పెట్టుకోవద్దు, చాయ్ ఇప్పించండి.

"ఆడివిల్ల గంత గట్టిగ ఒర్రుడేంది?" అని వచ్చేవాళ్లు కూడా ఉండేవాళ్లు. వాళ్లకు నేను ఉత్త మీట తిప్పలేదు. ఎస్తేరు గొంతు ఉన్న అసలు మీటనే ఇంకొంచెం పెంచేవాణ్ని.

సోఫాలో కూర్చున్న విమర్శకుడు

కరీంనగర్‌లో సుదర్శనం సార్ అని పత్రికకు సంగీత సమీక్షలు రాసే పెద్దాయన ఉండేవాడు. చదువుకున్నవాడు, నిక్కచ్చి మనిషి. కుంపటి ప్రోగ్రాం జరిగిన ప్రతిసారీ ఆయన సమీక్ష ఒకటే మాట చెప్పేది. మోత తప్ప మాట వినపడదు, వీళ్లకు సాహిత్యం అక్కర్లేదు. ఎస్తేరు ఆ పేపరు ముక్కలు మడిచి బ్యాగులో పెట్టుకుని తిరిగేది.

"ఆయనకు మేమంటే పగ మామా," అంది ఒకసారి.

"పగ కాదు బిడ్డా, సోఫా," అన్నాను.

మన దగ్గర పద్ధతి తెలుసు కదా. పెద్దమనిషి వస్తే శాలువా కప్పి ముందువరుస సోఫాలో కూర్చోబెడతాం. ఆ సోఫాల ఎదురుగా నేల మీద బేస్ బాక్సులు ఉంటాయి. గొంతు వచ్చే బాక్సులు పైన కట్టి ఉంటాయి, వాటి ముఖం వెనక ఉన్న జనం వైపు ఉంటుంది. సోఫాలో కూర్చున్నవాడికి పాట నెత్తి మీదుగా పోతుంది, డ్రమ్ము మాత్రం కడుపులో తగులుతుంది. మనం గౌరవం చేసినకొద్దీ ఆయనకు పాట అందకుండా పోయింది. పెద్ద బ్యాండులను తిట్టిన సమీక్షలు చదివినప్పుడల్లా రాసినాయన ఎక్కడ కూర్చున్నాడో అని నాకు అనుమానం వస్తుంది.

తర్వాతి ప్రోగ్రాంకు ఆయన్ను నేనే గేటు దగ్గర పట్టుకున్నాను. నిర్వాహకులు సోఫా ఖాళీగా ఉంటే బాగుండదని గోల చేశారు. శాలువా అక్కడికే తెచ్చి కప్పండని చెప్పి, సార్‌ను నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన చేతులు కట్టుకుని మొదటినుంచి చివరిదాకా విన్నాడు.

అయిపోయాక, "ప్రభుదాస్, నేనిన్ని రోజులు రాసింది తప్పు. మాటలున్నయ్, మంచిగున్నయ్" అన్నాడు. నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను. అంతలోనే ఆయన ఇంకో మాట అన్నాడు. "కాని ప్రతి పాట మొదటి మాట నుంచే గొంతు చించుకుంటది. ఎక్కనీకి మెట్టు లేదు, దిగనీకి మెట్టు లేదు. మూడు పాటలు విన్నంక నాలుగోది వినబుద్ధి కాదు. గిది సోఫా వల్ల కాదు కద?"

కాదు. ఆ మాట నిజమని నా చేతికి ముందే తెలుసు. వేరేవాళ్లకు సౌండు చేస్తున్నప్పుడు నా వేలు మీటల మీద నుంచి లేవదు. కుంపటి పాడుతున్నప్పుడు మాత్రం మొదట ఒకచోట పెడితే చివరిదాకా ముట్టుకోనక్కర్లేదు. అంత ఒకే ఎత్తున పాడేవాళ్లు. మొదటిసారి బ్యాండు మీద వచ్చిన తిట్టు బ్యాండుకే చెందింది.

ఎస్తేరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వ్యానులో కరీంనగర్ నుంచి సుల్తానాబాద్ దాటేదాకా నాతో మాట్లాడలేదు. నాకు ఫికర్ కాలేదు. కోపం రాని పాటగాళ్లకు ఎంత చెప్పినా దండగ. కొన్నాళ్లకు ఆమె కొత్త పాట తెచ్చింది. డ్రమ్స్ లేకుండా, గిటార్ లేకుండా, ఒట్టి గొంతుతో మొదలైంది. నా వేలికి మళ్లీ పని దొరికింది.

సొంత టౌన్‌షిప్‌లో

బయట ఇంత జరుగుతున్నా వాళ్ల సొంత టౌన్‌షిప్‌లో మాత్రం కుంపటిని చూస్తే ఎవరికీ గిట్టేది కాదు. అక్కడి వార్షికోత్సవంలో వాళ్లు పాడుతుంటే ముందు ఒకరు, తర్వాత పదిమంది, తర్వాత వరుసలకు వరుసలు లేచి, ప్లాస్టిక్ కుర్చీలను వెనక్కి తిప్పుకుని వేదికకు వీపు పెట్టి కూర్చున్నారు. ఎవరూ అరవలేదు, ఏమీ విసరలేదు. నా అనుభవంలో అంత ఘోరమైన తిట్టు ఇంకొకటి చూడలేదు. పాట మధ్యలో ఎస్తేరు గొంతు వణకడం నాకు హెడ్‌ఫోన్లలో వినిపించింది.

ఆ రోజు నా బల్ల దగ్గరికి ఒక్కడే వచ్చాడు. కొమురయ్య అని, ఎస్తేరు వాళ్ల క్వార్టర్ పక్క క్వార్టర్ ఆయన. గనిలో పనిచేస్తాడు. "బంద్ చెయ్యి," అన్నాడు. అలవాటు కొద్దీ ఉత్త మీట తిప్పాను.

"ఏం తగ్గలే," అన్నాడు. "నన్ను పిచ్చోన్ని చేస్తున్నవా?"

"పాట నచ్చలేదా అన్నా?"

"పాట సంగతి నాకేం ఎరుక? నేనెన్నడు ఇన్లే," అని వెళ్లిపోయాడు.

వినని పాట మీద అంత కోపమేమిటో నాకు ఆ పూట అర్థం కాలేదు.

సామాన్లు వ్యానులోకి ఎక్కిస్తుంటే ఎస్తేరు వచ్చి మెట్టు మీద కూర్చుంది. "నేను పుట్టిన గల్లీలనే నచ్చని పాట ఎవలికి పాడాలె మామా? వచ్చే ఏడు ఇంకొక్కసారి ఈడ పాడుతం. మళ్ల కుర్చీలు తిప్పిండ్రంటె కుంపటి బంద్." ఆమె ఊరికే బెదిరించే మనిషి కాదని నాకూ మున్నాకూ తెలుసు. నాకు చాలా బాధేసింది. నా చేతుల మీదుగా ఎన్నో బ్యాండులు పోయాయి గానీ, పోతే నాకు లోటు అనిపించేది ఇదొక్కటే.

పగటి నిద్ర

కొన్ని నెలల తర్వాత వేరే పని మీద ఆ వైపు వెళ్లి, మధ్యాహ్నం ఎస్తేరు ఇంటికి భోజనానికి పోయాను. క్వార్టర్ వాళ్ల తమ్ముడిది, అతనికి పగటి ఉద్యోగం. వాళ్ల బాపు రిటైరై అవ్వతో కలిసి ఊళ్లో పొలం చూసుకుంటున్నాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో బ్యాండు ప్రాక్టీసు జరుగుతోంది. రేకుల కింద డ్రమ్స్ ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కర్లేదు.

గల్లీలో నడుస్తూ గమనించాను. అంత ఎండలో కూడా చాలా ఇళ్ల కిటికీలు మూసి ఉన్నాయి. వాటికి లోపలినుంచి దుప్పట్లు కట్టి ఉన్నాయి. పిల్లలు చెట్టు కింద ఆడుకుంటున్నారు గానీ ఒక్కరూ అరవడం లేదు. కొమురయ్య గడప మీద కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పానం బాగలేదా అన్నా?" అన్నాను.

"నైట్ షిఫ్టు. పొద్దుగాల వచ్చి పండుకుంట." షెడ్డు వైపు చూశాడు. "పండుకుందామంటె గిది."

గనుల టౌన్‌షిప్‌లో పగలు సగం ఇళ్లలో మనుషులు నిద్రపోతూనే ఉంటారు. రాత్రంతా భూమి కింద పనిచేసి వచ్చినవాళ్లు. అది నాకు తట్టలేదు, నేను మిషన్ కాంపౌండులో పెరిగినవాణ్ని. కానీ ఎస్తేరుకు తట్టకపోవడమేమిటి?

"మరి ఆ పిల్లకు చెప్పొద్దా?"

"ఎట్ల చెప్పాలె? ఆళ్ల బాపు నేను ఒక్క జాగల పనిచేసినం. గనిల పైకప్పు కూలినప్పుడు నన్ను బయటికి గుంజింది ఆయనే. ఆయన బిడ్డను పట్టుకొని సప్పుడు చెయ్యకని ఏ నోటితోని అనాలె? గీ గల్లీల, పక్క గల్లీలల్ల అందరిది గదే కత. పాట మంచిగలేదు అంటె పిల్ల దానంతటదే బంద్ చేస్తదనుకున్నం."

నేను ఆ గడప మీద ఆయన పక్కనే కూలబడ్డాను. ఒక టౌన్‌షిప్ టౌన్‌షిప్ అంతా మర్యాదకు పోయి, నిద్ర లేదని చెప్పలేక, పాట బాగాలేదని చెప్పింది. పాపం ఆ పిల్ల తన పాటలో ఏం లోపముందా అని ఇన్ని నెలలుగా రాసి కొట్టేసి, రాసి కొట్టేసి చస్తోంది. లోపం పాటలో ఉంటేగా దొరకడానికి! మీరు ఈ పనిలోకి వస్తున్నారు కాబట్టి గట్టిగా చెప్తున్నాను. ఒక బ్యాండును చాలామంది ఒక్కసారిగా ఏవగించుకుంటే, వాళ్లు పాట గురించి చెప్పే కారణాలను వెంటనే నమ్మొద్దు. ఆ పాట వాళ్ల బతుకులో ఎక్కడ అడ్డుపడిందో వెతకండి. మనుషులు తమ అసలు బాధ చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. బ్యాండును తిట్టడానికి ఎవరూ సిగ్గుపడరు.

షెడ్డులోకి వెళ్లి ఎస్తేరుకు చెప్పాను. ఆమె గిటార్ తీగల మీద అరచేయి పెట్టి చప్పుడు ఆపింది.

"బాపు పండుకుంటె మా అవ్వ గిన్నెలు కూడ తోమకపోతుండె మామా," అంది. "బాపు రిటైరైనంక మా ఇంట్ల పగటి నిద్ర లేకుంటైంది. నాకు యాదికే రాలే."

ఆ సాయంత్రమే మున్నాను వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్లింది. పెద్ద మాటలేమీ చెప్పలేదు. "ఇగ పగటీలి సప్పుడుండదు కాకా, ఏరే జాగ చూసుకుంటున్నం" అని చెప్పింది, అంతే. "అయ్యో, మాకేమైంది బిడ్డా? మంచిగ వాయించుకోరాదు!" అన్నారు అందరూ, ఎర్రబడిన కళ్లతోనే. పాటను తిట్టినప్పుడు ఏడవని పిల్ల ఆ మాటకు గల్లీ మొగలో నిలబడి ఏడ్చింది. వారంలోగా సామాన్లన్నీ ఊరి బయట చర్చి వాళ్ల పాత హాలులోకి మారిపోయాయి.

కాక మాట

మరుసటి ఏడు టౌన్‌షిప్ వార్షికోత్సవం ఆదివారం సాయంత్రం పెట్టారు. నేను రిటైరవడానికి ముందు చేసిన ఆఖరి పెద్ద ప్రోగ్రాం అదే. ముందువరుస సోఫాలను వెనక్కి జరిపించాను, ఆఫీసర్లు గొణిగారు గానీ కూర్చున్నారు. ఎస్తేరు వేదిక ఎక్కి జనం వైపు చూడకుండా నా వైపు చూసింది. మొదటి పాట ఒట్టి గొంతుతో ఎత్తుకుంది.

కుర్చీలు తిరగలేదు. అలాగని చప్పట్లు మోగిపోయాయని రాస్తే అది అబద్ధం. విన్నారు. కొన్ని పాటలకు కొట్టారు, కొన్నిటికి ఊరుకున్నారు. నేను చెవులు రిక్కించి కూర్చున్నాను. నా బల్ల దగ్గరికి ఒక్కరూ రాలేదు.

అయిపోయి జనం కదులుతుంటే కొమురయ్య ఎదురునడిచి వేదిక దిగుతున్న ఎస్తేరు దగ్గరికి వెళ్లాడు. మున్నా, నేను కూడా అక్కడే ఉన్నాం.

"రెండో పాట నాకు నచ్చలే బిడ్డా," అన్నాడు.

మున్నా ముఖం వాడిపోయింది.

"గా గనిల దిగే పాట. మేమేదో ఏడ్సుకుంట దిగుతున్నట్టు పాడినవ్. గట్ల ఎవ్వలు దిగరు. ఏడ్సుకుంట దిగితె పనయితదా? మేం ఒకన్నొకడు ఎక్కిరించుకుంట దిగుతం. మీ బాపైతె మమ్ముల నవ్విచ్చి నవ్విచ్చి సంపుతుండె. గది లేదు నీ పాటల."

ఎస్తేరు పక్కనున్న కుర్చీని ఆయన ముందుకు లాక్కుని కూర్చుంది. "బాపు ఏమని నవ్విస్తుండె కాకా?"

"గవన్ని నీకు చెప్పేటియి గావు," అన్నాడు కొమురయ్య, అప్పటికే నవ్వు ఆపుకోలేకపోతూ. తనూ ఇంకో కుర్చీ లాక్కున్నాడు.

మున్నా ఆమె వెనక నిలబడి మెల్లగా అడిగాడు. "అక్కా, మరి కుంపటి సంగతి? ఉన్నట్టా, బంద్ చేసినట్టా?"

"నువ్వాగు మున్నా," అంది ఎస్తేరు తల తిప్పకుండా. "కాక చెప్తుండు. గా పాట మళ్ల రాయాలె."